నల్గొండ ఉరికంబం నుంచి కపెంగురియా బడిదాకా

లా చదివినవాళ్లకు 'జనార్దన్ రెడ్డి వర్సెస్ స్టేట్ ఆఫ్ హైదరాబాద్' కేసు పేరు పరిచయమే. తీర్పు 1951 మార్చిలో వచ్చింది. సుప్రీంకోర్టు ఏర్పడి అప్పటికి ఏడాది దాటిందంతే. ముద్దాయి తరఫున వకీలు లేకుండా నడిచిన విచారణ చెల్లుతుందా అన్న ప్రశ్న లేచినప్పుడల్లా ఈ తీర్పును తిరగేస్తారు. సెక్షన్ల కోసం చదివేవాళ్ల చూపు అందులోని ఊళ్ల మీద నిలవదు. మా జిల్లా మనిషి చదివితే మాత్రం ముందు కనపడేది నల్గొండ, ప్రత్యేక ట్రిబ్యునల్, ఉరిశిక్ష పడ్డ 12 మంది. ఆ తర్వాత ఉన్నట్టుండి అమెరికాలోని అలబామా రాష్ట్రం తగులుతుంది.

అలబామా అక్కడికి ఎట్లా వచ్చిందో తెలుసుకోవాలంటే 20 ఏళ్లు వెనక్కి పోవాలి. 1931 మార్చిలో గూడ్సు రైల్లో పోతున్న తొమ్మిది మంది నల్లజాతి కుర్రాళ్లను పట్టుకుని, ఇద్దరు తెల్ల ఆడపిల్లల మీద అత్యాచారం చేశారని నేరం మోపి, స్కాట్స్‌బరో అనే చిన్న పట్నంలో ఆదరాబాదరాగా విచారించి ఎనిమిది మందికి మరణశిక్ష వేశారు. వాళ్ల పక్షాన నిలబడి ఊరూరా, దేశదేశానా సభలు పెట్టించింది అమెరికా కమ్యూనిస్టుల న్యాయరక్షణ సంఘం. 1932లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. ప్రాణం పోయే కేసులో సరైన వకీలు లేకుండా జరిగిన విచారణ విచారణే కాదని చెప్పింది. అదే పావెల్ వర్సెస్ అలబామా తీర్పు. అలబామా కుర్రాళ్ల ప్రాణం కాపాడిన ఆ మాటనే ఢిల్లీ కోర్టు హాల్లో నల్గొండ ముద్దాయిల కోసం ఎత్తి చెప్పారు. చెప్పినవాడు లండన్ బారిస్టరు డెనిస్ నోయెల్ ప్రిట్.

ఆఫ్రికా విమోచనోద్యమాలకు తెలుగు నేల అందించిన సంఘీభావానికి ఆనవాళ్లు వెతకబోయేవాళ్లు సాధారణంగా 1955 బాండుంగ్ సభ దగ్గర మొదలుపెడతారు. లేదంటే 1957 డిసెంబరు చివరలో కైరోలో పుట్టిన ఆఫ్రో ఆసియా ప్రజల సంఘీభావ సంస్థ దగ్గర. ఆ తీర్మానాలు, కరపత్రాలు, సోవియట్ అచ్చు పుస్తకాలు ముఖ్యమైనవే. అయితే వాటి నిండా ఢిల్లీ, మాస్కో, కైరో. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అందులో దొరకవు. మన ఊళ్లకూ ఆఫ్రికాకూ ఉన్న పాత దారి కోర్టు కాగితాల్లో ఉందని నాకు నమ్మకం కుదిరింది. అందులో మనవాళ్ల వంతు సంఘీభావం ఇవ్వడంతో మొదలు కాలేదు, పుచ్చుకోవడంతో మొదలైంది.

తెలంగాణ సాయుధ పోరాట రోజుల సంగతి మా పల్లెల్లో పెద్దగా చెప్పక్కర్లేదు. సూర్యాపేట తాలూకా ఎర్రపహాడు దొర జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షన్నర ఎకరాలుండేవని పోరాట చరిత్రలన్నీ రాశాయి. వెట్టికి ఎదురుతిరిగిన సంఘం, తర్వాత దళాలు, రజాకార్లు, 1948 సెప్టెంబరులో పోలీసు చర్య. కోదాడ పక్కనున్న మునగాల పరగణాది ఇంకో కథ. చుట్టూ నిజాం రాజ్యం, అది మాత్రం బ్రిటిషు వాళ్ల కృష్ణా జిల్లాలోది. నిషేధించిన పత్రిక, తలదాచుకునే మనిషి, బెజవాడ కబురు ఆ సరిహద్దు మీదుగానే అటూ ఇటూ దాటాయి. లోకంలో ఎక్కడేం జరుగుతోందో తెలంగాణ పల్లెకు చేరిన తోవల్లో అదొకటి.

పోలీసు చర్య తర్వాత వచ్చిన సైనిక ప్రభుత్వం 1358 ఫసలీ నాటి రెగ్యులేషనుతో ప్రత్యేక ట్రిబ్యునళ్లు పెట్టింది. 1949 ఆగస్టులో నల్గొండలో ఉరిశిక్షలు పడ్డాయి. డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు ఖాయం చేసింది. ఇక్కడే ఒక చిక్కుముడి పడింది. భారత రాజ్యాంగం 1950 జనవరి 26న అమల్లోకి వచ్చింది. అంతకుముందు తీర్పు చెప్పిన హైదరాబాదు హైకోర్టు 'భారత భూభాగం'లోని కోర్టు కాదు కాబట్టి, ఆ తీర్పు మీద సుప్రీంకోర్టుకు అప్పీలు లేదన్నది ప్రభుత్వ వాదన. రాజ్యం కలిసిపోయింది, ఉరితాడు ఉంది, అప్పీలు మాత్రం లేదు. ఈ మెలికను పట్టుకుని వాదించడానికే ప్రిట్ వచ్చాడు.

ఎవరీయన? 1887లో పుట్టాడు. లండన్ ప్రీవీ కౌన్సిల్ ముందు వాదించి గట్టి పేరు తెచ్చుకున్నాడు. హాంకాంగ్‌లో బ్రిటిషు పోలీసులు పట్టుకున్న వియత్నాం విప్లవకారుడి తరఫున ప్రీవీ కౌన్సిల్‌లో నిలబడ్డాడు. ఆ ఖైదీ తర్వాతి కాలంలో హో చి మిన్ అయ్యాడు. 1933లో జర్మనీ పార్లమెంటు భవనానికి నిప్పు పెట్టింది కమ్యూనిస్టులేనని నాజీలు కేసు నడుపుతుంటే, లండన్‌లో ఎదురు విచారణ సంఘానికి అధ్యక్షత వహించింది ఈయనే. లేబర్ పార్టీ ఎంపీగా ఉండి 1940లో ఆ పార్టీ నుంచి గెంటివేతకు గురయ్యాడు. 1950 నుంచి పదేళ్లు అంతర్జాతీయ ప్రజాస్వామ్య న్యాయవాదుల సంఘానికి అధ్యక్షుడు. దేవుడని చెప్పబోవడం లేదు. 1936 మాస్కో విచారణలు న్యాయంగానే జరిగాయని సమర్థిస్తూ పుస్తకం రాసినవాడు కూడా ఈ ప్రిట్టే. స్టాలిన్ కోర్టులో చూడలేకపోయిన అన్యాయాన్ని నల్గొండ ట్రిబ్యునల్‌లోనూ తర్వాత కెన్యాలోనూ కళ్లు చెదిరేంత స్పష్టంగా చూశాడు. ఈ రెండు ముఖాల్నీ కలిపే చెప్పాలి.

ఢిల్లీలో ఆయన ఓడిపోయాడు. 1950 డిసెంబరులో అప్పీలు కుదరదన్నారు. 1951 మార్చిలో రిట్ పిటిషన్లూ పోయాయి. అలబామా తీర్పు ఇక్కడ వర్తించదనీ, ముద్దాయికి వకీలు లేనంత మాత్రాన విచారణ మొత్తం చెల్లకుండా పోదనీ కోర్టు తేల్చింది. అయినా ఆ 12 మందినీ ఉరి తీయలేదు. వాదనలు సాగిన నెలలన్నీ దేశంలోనూ బయటా జనం, కార్మిక సంఘాలు, రచయితలు ప్రభుత్వానికి తంతుల మీద తంతులు కొట్టారు. ఉరిశిక్షలు యావజ్జీవ శిక్షలుగా మారాయి. కోర్టులో ఓడిన వకీలు ముద్దాయిల ప్రాణాలకు అవసరమైన వ్యవధి సంపాదించిపెట్టాడు. రాజకీయ ఖైదీల కేసుల్లో వకీలు గెలుపోటములను లెక్కగట్టేది ఇట్లాగే.

1951 అక్టోబరు 21న తెలంగాణ సాయుధ పోరాట విరమణ ప్రకటన వచ్చింది. సరిగ్గా ఒక రోజు తక్కువ ఏడాదికి, 1952 అక్టోబరు 20న కెన్యాలో బ్రిటిషు గవర్నరు అత్యవసర పరిస్థితి ప్రకటించాడు.

అక్కడి మంటకు కారణం కూడా భూమే. చల్లని ఎత్తు నేలలన్నీ తెల్ల దొరల చేతికి పోయాయి, కికుయూ రైతులు తాతల నేలలోనే పాలేర్లయ్యారు. మౌ మౌ పేరుతో ప్రమాణాలు చేసి అడవి పట్టినవాళ్లను అణచడానికి సైన్యం దిగింది. నాయకుడు జోమో కెన్యాట్టాను, ఆయనతోపాటు బిల్దాద్ కగ్గియా, ఫ్రెడ్ కుబాయ్, పాల్ ఎన్‌గై, అచియెంగ్ ఒనెకో, కుంగు కరుంబాలను పట్టుకున్నారు. నైరోబీలో విచారిస్తే జనం పోగవుతారని ఉత్తరాన మారుమూల కపెంగురియాకు తీసుకుపోయారు. కోర్టు కూడా లేని ఊరు. బడి గదిని కోర్టు చేశారు. వకీళ్లకు ఉండే వసతి లేదు, చాలా మైళ్ల దూరంలోని కిటాలేలో దిగి రోజూ రాకపోకలు సాగించాలి. వర్ణభేదం నడిచే ఆ పట్నంలో తెల్లవాడు, నల్లవాడు, భారతీయుడు కలిసి కూర్చుని కేసు మాట్లాడుకోవడానికి చోటు దొరకడమే గగనం.

ప్రధాన వకీలుగా వచ్చింది ప్రిట్. ఆయన పక్కన నైజీరియా నుంచి హెచ్.ఓ. డేవిస్, జమైకాలో పెరిగి టాంగన్యికాలో ప్రాక్టీసు చేస్తున్న డడ్లీ థాంప్సన్, కెన్యాలోనే ఉంటున్న జస్వంత్ సింగ్, అఛ్రూ కపిల, గోవా మూలాలున్న ఫిట్జ్ డిసౌజా. ఢిల్లీ నుంచి నెహ్రూ పంపగా వచ్చిన పార్లమెంటు సభ్యుడు దివాన్ చమన్‌లాల్. ఈ వరుసను చదువుతూ ఒకచోట ఆగకుండా ఉండలేం. సుమారు రెండేళ్ల కిందట ఇదే ప్రిట్ ఢిల్లీలో వాదించింది భారత రాజ్యం వేయించిన ఉరికి వ్యతిరేకంగా. ఇప్పుడు ఆ భారత ప్రభుత్వం పంపిన మనిషే ఆయన పక్కన కూర్చున్నాడు. నెహ్రూ సంఘీభావం బూటకమని ఒకరంటారు, తెలంగాణలో ఆయన చేసింది మరిచిపొమ్మని ఇంకొకరంటారు. నా మటుకు రెండూ ఒప్పుకోబుద్ధి కాదు. సూర్యాపేట పల్లెల్లో క్యాంపులు పెట్టించిన ప్రభుత్వమూ, కపెంగురియాకు వకీలును పంపిన ప్రభుత్వమూ ఒక్కటే. రెండిటికీ కాగితాలు ఉన్నాయి. రెండు కట్టల్నీ పక్కపక్కన పెట్టి చదివితే తప్ప ఆ కాలం అర్థం కాదు.

విచారణ తీరు చెప్పాలి. మేజిస్ట్రేటు రాన్స్లీ థాకర్, రిటైరైన జడ్జీ. ఈ ఒక్క కేసు కోసం తెచ్చి కూర్చోబెట్టారు. ఆయనకు 20 వేల పౌండ్లు ముట్టాయని చరిత్రకారులు తర్వాత రాశారు. కెన్యాట్టా ప్రమాణం చేయించగా చూశానన్న ముఖ్య సాక్షి రాసన్ మచారియా, అది అబద్ధపు సాక్ష్యమని 1958లో తనే అఫిడవిట్ ఇచ్చాడు. ఇక్కడ జరుగుతున్నది న్యాయ నిరాకరణేనని లండన్ ఎంపీలకు టెలిగ్రాం కొట్టినందుకు ప్రిట్ మీద కోర్టు ధిక్కారం కేసు పెట్టారు. అది నిలవలేదు. 1953 ఏప్రిల్ 8న తీర్పు వచ్చింది. ఏడేళ్ల కఠిన శిక్ష. మళ్లీ ఓటమే. 1963లో కెన్యా స్వతంత్రమైంది, శిక్ష పడ్డ కెన్యాట్టా దాని తొలి ప్రధాని అయ్యాడు. ఆయన పాలనలో వామపక్షీయులకు ఊపిరాడలేదు. తనతోపాటు కపెంగురియా బోనులో నిలబడ్డ కగ్గియానే 1968లో జైల్లో పెట్టించాడు.

నాయకులందరూ జైలుపాలైనప్పుడు ఉద్యమ భారం ఎత్తుకుని, వకీళ్లను సమకూర్చడంలో తిరిగినవాడు జోసెఫ్ మురుంబి. తండ్రి గోవా వ్యాపారి, తల్లి మసాయి. ఆయన చదువు బెంగుళూరులో, బళ్లారిలో. అప్పటి బళ్లారి మద్రాసు రాజధానిలో సగం తెలుగు వినిపించే పట్నం. 1953లో తనకూ అరెస్టు తప్పదని తెలిసి దేశం దాటి మళ్లీ ఇండియాకే వచ్చి కెన్యా కోసం ప్రచారం చేశాడు, అక్కడి నుంచి లండన్ చేరాడు. 1966లో కెన్యా ఉపాధ్యక్షుడయ్యాడు, కొద్ది నెలలకే ఆ పదవి వదులుకున్నాడు. జీవితమంతా పోగుచేసిన వేల పుస్తకాలు, పత్రాలు, కళాఖండాలు దేశానికే దక్కేట్టు చూశాడు. అవి ఇప్పుడు నైరోబీ జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. కెన్యా చరిత్ర రాసేవాళ్లు ఆ గడప తొక్కకుండా ఉండలేరు.

దాచినవాడొకడైతే మాయం చేసినవాళ్లు ఇంకొకరు. కెన్యా వదిలిపోయేటప్పుడు బ్రిటిషు అధికారులు ఇబ్బంది పెట్టే ఫైళ్లను కొన్ని కాల్చేశారు, కొన్నిటిని పెట్టెల్లో లండన్ తరలించారు. అట్లా తెచ్చినవి తమ దగ్గర ఉన్నాయని దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. మౌ మౌ శిబిరాల్లో చిత్రహింసలు పడ్డ ముసలి రైతులు లండన్ హైకోర్టులో దావా వేశాక, చరిత్రకారులు పట్టుబట్టాక, 2011లో హాన్‌స్లోప్ పార్క్ గోదాముల్లోని గుట్టు తెలిసింది. 37 పాత వలసలకు సంబంధించిన 8,800 ఫైళ్లు అక్కడ ఉన్నాయి. 2013లో బ్రిటన్ విచారం ప్రకటించి 5,228 మందికి పరిహారం ఇవ్వడానికి ఒప్పుకుంది. కాగితం ఎందుకు దాచాలని అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు ఇది. 50 ఏళ్ల కిందటి ఫైలు ముసలి రైతు చేతికి డబ్బు తెచ్చింది, అంతకుమించి తను అబద్ధం చెప్పలేదని రుజువు చేసింది.

దాచడమే జీవితంగా పెట్టుకున్న తెలుగువాడు ఒకాయన ఉన్నాడు. ఏనుగ శ్రీనివాసులు రెడ్డి. 1924 జూలై 1న నెల్లూరు జిల్లా పల్లపట్టిలో పుట్టాడు. తండ్రి గాంధీ ఉద్యమంలో జైలుకు వెళ్లినవాడు. మద్రాసులో చదివి 1946లో న్యూయార్కు చేరాడు. అక్కడ పాల్ రాబ్సన్ నాయకత్వంలోని ఆఫ్రికన్ వ్యవహారాల మండలికి వెళ్తుండేవాడు. ఆ ఏడాదే దక్షిణాఫ్రికాలో భారతీయుల మీద వివక్షను ఇండియా ఐక్యరాజ్యసమితిలో లేవనెత్తింది. డర్బన్ చెరకు తోటలకు 1860 నుంచి కూలీలుగా పోయినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు, వాళ్ల బిడ్డలు 1931లోనే అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. కాబట్టి ఆ తగాదా నెల్లూరు కుర్రాడికి పరాయిది కాదు. ఆయన పట్టింపు మాత్రం భారతీయులతో ఆగలేదు, ఆఫ్రికన్ల విముక్తి దాకా వెళ్లింది.

1949లో ఐక్యరాజ్యసమితి కొలువులో చేరాడు. 1962 నవంబరు 6న సర్వసభ్య సభ వర్ణవివక్ష మీద ప్రత్యేక సంఘం వేసింది. పశ్చిమ దేశాలేవీ అందులో చేరడానికి ఒప్పుకోలేదు. పనికిరాని సంఘమని తేలిగ్గా తీసుకున్న ఆ పనికి 1963లో కార్యదర్శిగా వెళ్లింది రెడ్డిగారు. గినీ ప్రతినిధి డియాల్లో టెల్లి అధ్యక్షుడు. మొదటి వేసవిలోనే గాయని మిరియం మకేబాను పిలిపించి సాక్ష్యం చెప్పించారు. అక్టోబరులో మండేలా తదితరుల మీద రివోనియా విచారణ మొదలవగానే, రాజకీయ ఖైదీలను విడిచిపెట్టమన్న తీర్మానం 106 ఓట్లతో నెగ్గింది. వ్యతిరేకించింది దక్షిణాఫ్రికా ఒక్కటే. మరుసటి ఏడాది తీర్పులో ఉరి పడలేదు, యావజ్జీవం పడింది. నల్గొండ ముద్దాయిలను బతికించిన ఒత్తిడి ఎట్లాంటిదో ఇదీ అట్లాంటిదే. కాకపోతే ఈసారి దానికి ఒక కార్యాలయం, ఒక కార్యదర్శి, ఫైళ్లు ఉన్నాయి.

1965 డిసెంబరులో ఏర్పడిన దక్షిణాఫ్రికా ట్రస్టు నిధిని ఆయన చేసిన పనులన్నిట్లోకీ పెద్దదిగా లెక్కిస్తాను. రాజకీయ ఖైదీల వకీళ్ల ఫీజులకు, వాళ్ల ఇంటివాళ్ల తిండికి, పిల్లల చదువుకు డబ్బు సమకూర్చిన నిధి అది. చాలామట్టుకు లండన్‌లోని రక్షణ, సహాయ నిధి ద్వారా వెళ్లేది. దాన్ని దక్షిణాఫ్రికా 1966లో నిషేధించింది కాబట్టి డబ్బు గుట్టుగా చేరేది. ప్రిట్ కాలంలో విప్లవకారుడి కోసం ఓడనో విమానమో ఎక్కి వచ్చే ఒక్క వకీలు ఉండేవాడు. 15 ఏళ్లు తిరిగేసరికి ఆ సాయం ప్రభుత్వాలు చందా వేసే నిధి అయింది. సోషలిస్టు శిబిరం, కొత్తగా స్వతంత్రమైన దేశాలు, స్వీడన్ లాంటి దేశాలు తలా ఒక చెయ్యి వేస్తే అది సాధ్యమైంది.

రెడ్డిగారు 1976 నుంచి వర్ణవివక్ష వ్యతిరేక కేంద్రానికి డైరెక్టరు, 1985లో సహాయ ప్రధాన కార్యదర్శి హోదాలో పదవీ విరమణ. ఇక విశ్రాంతి తీసుకోవాల్సిన వయసులో రెండో పని మొదలుపెట్టాడు. ఆలివర్ టాంబో ప్రసంగాలు సంకలనం చేశాడు, గాంధీ దక్షిణాఫ్రికా రోజుల పత్రాలు వెతికి అచ్చు వేయించాడు. ఉత్తరాలు, కరపత్రాలు, సభల నివేదికలు యేల్ విశ్వవిద్యాలయానికీ, ఢిల్లీ నెహ్రూ స్మారక గ్రంథాలయానికీ, దక్షిణాఫ్రికా సంస్థలకూ పంచాడు. ఒకచోట తగలబడినా ఇంకోచోట మిగలాలన్న జాగ్రత్త అందులో కనపడుతుంది. 2013లో దక్షిణాఫ్రికా ఆయనకు టాంబో పేరిట జాతీయ పురస్కారం ఇచ్చింది. 2020 నవంబరులో కన్నుమూశాడు. తెలుగునాట ఆయన పేరు తెలిసినవాళ్లు ఇప్పటికీ తక్కువే, అది నాకు బాధ.

తెలుగు పాఠకులకు ఆఫ్రికాను దగ్గర చేసింది ఎక్కువగా సాహిత్యం. సహవాసి తెలుగులోకి తెచ్చిన 'ఏడు తరాలు' చదవని కార్యకర్త మా ప్రాంతంలో అరుదు. వరవరరావు 1980లలో జైల్లో ఉండి గూగీ వా థియోంగో నవలను అనువదించాడు. గూగీ కూడా జైల్లోనే, టాయిలెట్ కాగితం మీద రాసిన నవల అది. తర్వాత గూగీ బాల్యస్మృతుల్నీ వరవరరావే తెలుగు చేశాడు. కపెంగురియా విచారణ కబుర్లు కికుయూ పల్లెల్లో పిల్లల చెవుల దాకా ఎట్లా చేరాయో అందులో ఉంది.

ఇక మన కట్టలు. నిజాం కాలపు రికార్డు ఉర్దూలో ఉంది, తేదీలు ఫసలీలో ఉన్నాయి. 590 కలిపితే క్రీస్తుశకం వస్తుందన్న చిన్న లెక్క తెలియక తలపట్టుకున్న విద్యార్థులు ఉన్నారు. తార్నాకలో రాష్ట్ర అభిలేఖాగారం ఉంది. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. అబ్దుల్ సమద్ ఖాన్ అనే ఒక్క మనిషి హైదరాబాదులో పట్టుదలగా పోగేసిన ఉర్దూ పుస్తకాల, పత్రికల భాండారం, చికాగో విశ్వవిద్యాలయం చెయ్యి కలపడంతో, సుందరయ్య కేంద్రానికే చేరి నిలిచింది. ఈ చోట్ల దొరకనివి ఇళ్లలో ఉంటాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల పల్లెల్లో, జైలుకు వెళ్లొచ్చిన తాతల ట్రంకు పెట్టెల్లో, సెన్సారు ముద్ర పడ్డ జైలు ఉత్తరం, డిఫెన్సు చందా రసీదు, వకాలతు నకలు, విడుదల చీటీ. అవి దొరికితే లండన్‌లోని ప్రిట్ పత్రాలతోనూ, సుప్రీంకోర్టు రికార్డుతోనూ సరిపోల్చి చూడొచ్చు. 12 మంది కోసం ఎక్కడెక్కడి నుంచి ఎవరెవరు చందా వేశారో, ఏ కార్మిక సంఘం తంతి కొట్టిందో అప్పుడు పేర్లతో సహా రాయగలం. ఆ పేర్లలో ఆఫ్రికా రేవు కూలీల సంఘం ఒకటి ఉందా లేదా అన్నది కూడా అప్పుడే తేలుతుంది. ఉర్దూ చదవగలిగిన పిల్లలు సూర్యాపేటలోనూ మిర్యాలగూడలోనూ ఉన్నారు. ఒక స్కానరు, ఆ పిల్లలు, ఊరి పెద్దమనిషి మాట సాయం ఉంటే పని ఈ వేసవిలోనే మొదలుపెట్టొచ్చు.